నీళ్ళు తిరిగే వేళ

నాన్నా,

నువ్వు చెప్పి పంపిన మాట రాళ్ళ లారీ డ్రైవరు గుమ్మంలో నిలబడే చెప్పేసి పోయాడు. అత్త పెరట్లో ఉంది కాబట్టి వినలేదు. మీ కట్ట పని ఇంజనీరు గారికి సరేనన్నానని చెప్పు. సభ ఎప్పుడు పెట్టినా వస్తాను. అందరి ముందూ నిలబడి, ఈ సముద్రం నా మొగుణ్ణి మింగింది, ఇంకో ఆడదాని మొగుణ్ణి మింగకుండా కట్ట వేసి దీన్ని బయటే ఆపండి అని అడుగుతాను. నువ్వు నేర్పించక్కర్లేదు. ఆ మాటలు ఎప్పటినుంచో నా నోట్లో నానుతున్నాయి.

ఇక్కడ ఎలా ఉందో రాయమన్నావు. ఏముంది, నువ్వు చూసి వెళ్ళిన ఇల్లే. ముందు గదిలో మంచం, వెనక గదిలో పొయ్యి, రెండింటికీ మధ్య బురదలో ఏరే గుల్లల బుట్టలు. ఎంత కడిగినా గోడలకు ఉప్పు పూస్తుంది. నీ అల్లుడి వానకోటు ఇంకా మేకుకే వేలాడుతోంది. తలుపు తీసినప్పుడల్లా గాలికి దాని చేతులు కదులుతాయి. తీసి పెట్టెలో పెడదామని చెయ్యి వేస్తాను, మళ్ళీ అక్కడే వదిలేస్తాను. కిటికీ మూసే ఉంచుతున్నాను. తెరిస్తే ఎదురుగా అదే. నీళ్ళు వెనక్కి తీసినప్పుడు కనుచూపు మేరా నల్లటి బురద, పోటు వచ్చినప్పుడు ఆ బురదను కప్పేస్తూ నీళ్ళు. మీ ఊళ్ళో కిటికీలోంచి మనుషులు కనిపించేవారు.

ఆ పడవ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. ఆరోజు తాడు తెగి పడవ పాయలో కొట్టుకుపోతుంటే, దాన్ని తెస్తానని నీ అల్లుడు బురద మీదుగా పరిగెత్తాడు. అత్త వెనక నుంచి అరిచింది, "వదిలెయ్‌రా, వచ్చేదైతే అదే వస్తుంది" అని. ఆయన వినలేదు. మంచు దిగింది, పోటు వచ్చింది. మర్నాడు పొద్దున పాయ అవతలి గట్టున ఆయన దొరికాడు. ఆ పడవ మాత్రం ఆ పొద్దునే దానంతట అదే వచ్చి మన ఇంటి మెట్ల దగ్గర ఆగింది. చెక్క కూడా చెదరలేదు. ఏదో షికారుకు వెళ్ళొచ్చినట్టు. నేను గొడ్డలి తీసుకుని వెళ్ళాను. అప్పటికే పడవలోకి దిగి ఉన్న అత్త నా చేతిలోంచి గొడ్డలి లాక్కుని, పడవలో నీళ్ళు తోడింది. కొడుకు గట్టున పడి ఉంటే పడవలో నీళ్ళు తోడింది నాన్నా!

ఆమె మంచిదే. నన్ను ఒక్క మాట అనదు, కంచంలో నాకే ముందు వడ్డిస్తుంది. కానీ ఆ నీళ్ళను ఒక్క తిట్టు తిట్టదు. అది నాకు మింగుడు పడడం లేదు. నిన్న ఉండబట్టలేక అడిగేశాను.

"నీకు కోపం రాదా అత్తా?"

"ఎవరి మీద?"

"ఎదురుగానే ఉందిగా."

"అది రోజూ వస్తుంది, రోజూ పోతుంది. మన కోసం రాదు, మన కోసం ఆగదు. దాని మీద కోపం తెచ్చుకుంటే నీకు పెరిగేది రక్తపోటు ఒక్కటే. ఈ పోటు మాత్రం దాని వేళకు అది వస్తుంది."

నవ్వించాలని అంది. నాకు ఒళ్ళు మండింది.

సభ అయిపోగానే బట్టలు సర్దుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. నువ్వు పనిచేసే క్యాంపు క్యాంటీన్లో పని ఉందన్నావు కదా, ఆ పని నాకే ఉంచమను. అత్తకు ఇంకా చెప్పలేదు.

నీ పిచ్చిక

*

నాన్నా,

ఉత్తరం ఆలస్యమైంది. కోపగించుకోకు. సభ వానలు తగ్గాకే అని ఇంజనీరు గారు కబురు పెట్టారు కాబట్టి తొందరేమీ లేదు. ఈలోగా ఒకటి జరిగింది. నేను బురదలోకి దిగాను.

ఇష్టపడి దిగలేదు. అత్త మోకాలు వాచిపోయి గడప దాటడమే కష్టమైంది. పొయ్యి వెలగాలంటే గుల్లలు ఏరాలి. నేను వెళతానంటే, "నువ్వొక్కదానివీ వద్దు" అని కర్ర పట్టుకుని తనూ బయల్దేరింది. నీ అల్లుడి రబ్బరు బూట్లు వేసుకున్నాను. పది అడుగులు వెయ్యకుండానే ఒక బూటు బురదలో ఉండిపోయింది, కాలు మాత్రం బయటికి వచ్చింది. వెనక నుంచి అత్త, "బురదలో నడక కాపురం లాంటిదే అమ్మాయ్. కాలు విసురుగా పీక్కుంటే చెప్పులు దాని దగ్గరే ఉంటాయి. మడమ మెల్లగా లేపు, అదే వదిలేస్తుంది" అంది. మా ఇద్దరిలో చాలా రోజుల తరవాత నవ్వింది నేనే. నవ్వాక సిగ్గేసింది.

ఆమె దిగే ముందు ప్రతిసారీ మెట్ల మీద నిలబడి కాసేపు ఊరికే చూస్తుంది. గాలి ఎటుంది, పక్షులు ఎక్కడ వాలాయి, పాయలో నీళ్ళ రంగు ఎలా ఉంది. ఒక్కోరోజు అంతా చూసి, "ఇవాళ వద్దంటోంది" అని బుట్ట తీసుకుని వెనక్కి తిరుగుతుంది. ఎవరు వద్దంటున్నారని అడిగితే బుట్ట బోర్లించి గుమ్మంలో కూర్చుంటుంది. అలా తిరిగొచ్చిన రోజుల్లో కొన్నిసార్లు ఎండ విరగకాసేది. నేను కసిగా ఆకాశం చూపించేదాన్ని. "వెళ్ళి ఉంటే ఏమీ అయ్యేది కాదేమోలే" అనేది, ఏ బాధా లేకుండా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఒకరోజు ఆమె కాళ్ళు చాపుకుని రాతి మీద కూర్చుంది. నేను దూరంగా, ఆమె ఎప్పుడూ ముట్టుకోని మేట మీదికి వెళ్ళాను. ఇనప పళ్ళ పార దిగేస్తే చాలు, గుల్లలే గుల్లలు. చిన్నవి, చిటికెన వేలి గోరంతవి. ఏమైందో తెలీదు నాన్నా, గోకడం మొదలుపెట్టాను, ఇక ఆపలేకపోయాను. ఆ నీళ్ళతో, నా దగ్గర నుంచి నువ్వు తీసుకున్నావుగా, నీ దగ్గర నుంచి నేను తీసుకుంటాను అని బయటికే అంటూ గోకాను. బుట్టలో పడేసినవి కొన్ని, ఊరికే విసిరికొట్టినవి కొన్ని, బూటు కింద నలిపినవి కొన్ని. ఏడుస్తున్నానని కూడా నాకు తెలీదు.

అత్త కుంటుకుంటూ ఎప్పుడు వచ్చిందో, నా పక్కన నిలబడి ఉంది. అరుస్తుందనుకున్నాను. బురదలో నెమ్మదిగా మోకాళ్ళ మీదికి దిగింది. ఆ వాచిన మోకాళ్ళ మీదికి. బుట్ట బోర్లించి, ఒక్కో పిల్లగుల్లను తీసి, వేలితో చిన్న గుంట చేసి, నిలువుగా లోపల పెట్టి, బురద కప్పడం మొదలుపెట్టింది.

"నిలువుగా పెట్టు. అడ్డంగా పడితే ఊపిరాడదు."

"పోటు వచ్చేస్తుంది అత్తా, పద."

"వస్తుంది. అందుకే చెయ్యి ఆడించు."

"ఎన్నని పెడతాం?"

"తీసేటప్పుడు ఎన్నని తీశావు?"

నేనూ కూర్చున్నాను. చేతులు మొద్దుబారిపోయాయి. కొన్ని గుల్లలు నా వేలు తగలగానే గట్టిగా మూసుకున్నాయి, కొన్ని మూసుకోలేదు. మూసుకోనివి చచ్చినవట, వాటిని అత్త వేరేగా పక్కన పెట్టింది. తిరిగి వెళ్ళేటప్పుడు వాటిని చూపించి, "ఇవి నీవి" అంది. ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ చిన్నవి ఎదగడానికి ఏళ్ళు పడుతుందట. అప్పుడెవరు ఏరుకుంటారని అడిగాను. "ఎవరో ఒకరు. నేను ఏరుతున్నవి ఎవరు వదిలేశారో నాకేం తెలుసు?" అంది.

ఇదంతా చదివి నా మనసు మారిందనుకోకు. మాట మాటే. నాకింకా దాన్ని చూస్తే అసహ్యమే. కాకపోతే కిటికీ తెరుస్తున్నాను. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడకపోతే పని నడవదు కదా.

నీ పిచ్చిక

*

నాన్నా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కడివీ ఉన్నప్పుడు చదువు. క్యాంపులో నలుగురి మధ్యా విప్పకు.

మొన్న మేమిద్దరం మంచులో చిక్కుకున్నాం. బయల్దేరినప్పుడు ఆకాశం తేటగా ఉంది, అత్త కూడా మెట్ల మీద నిలబడి సరేనంది. ఆమె లెక్క కూడా తప్పుతుంది నాన్నా, అది నాకు ఆరోజు తెలిసింది. తిరిగి వద్దామని తలెత్తేసరికి ఊరు లేదు. మెట్లు లేవు. నా చేతిలోని బుట్ట కూడా మసకగా కనిపిస్తోంది. ఊరు ఇటే అని నేను పరుగందుకోబోతే ఆమె నా జబ్బ పట్టుకుంది. ఆ పట్టుకు నా చర్మం ఇంకా కమిలే ఉంది.

"నిలబడు."

"అత్తా, ఆయన కూడా ఇలాగే..."

"నిలబడమన్నానా. నీకు తెలీనప్పుడు తెలిసిన దాన్ని అడగాలి."

పాయ పక్కకు నన్ను తీసుకెళ్ళింది. పాదాలు దాటని నీళ్ళు అందులో కదలకుండా ఉన్నాయి. నీళ్ళ మీద చిన్న నురగ ముద్ద ఒకటి ఉంటే దాన్నే చూస్తూ నిలబడింది. ఎంతసేపో. నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ నురగ మెల్లగా వణికింది, తిరిగింది, ఒక వైపు జరగడం మొదలుపెట్టింది.

"తిరిగింది" అంది అత్త. "పోటు మొదలైంది. ఇప్పుడది గట్టుకే పోతుంది. దాని పక్కనే మనమూ పోదాం. పాయ దాటకు, దానికి ఎదురు వెళ్ళకు."

నా మొగుణ్ణి తీసుకున్న నీళ్ళ వెనకే నడిచాను నాన్నా. మడమల దాకా వచ్చాయి, పిక్కల దాకా వచ్చాయి. అత్త మోకాలు మడత పడినప్పుడల్లా నేను పట్టుకున్నాను, నేను తడబడినప్పుడల్లా ఆమె పట్టుకుంది. బుట్టలు వదిలేశాం. మంచులోంచి మన మెట్లు చేతికి తగిలే దాకా అవి అక్కడున్నాయని నాకు తెలీదు. ఆఖరి మెట్టు మీద కూలబడి నేను అడిగాను.

"ఇది ఆయనకు తెలీదా? ఇంత చిన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదా?"

"నేనే చెప్పాను. నడక వచ్చిన రోజు నుంచీ చెప్పాను."

"మరి?"

అప్పుడు చెప్పింది. పడవ తిరిగొచ్చిన రోజు నేను గొడ్డలి కోసం వెళ్ళినప్పుడు, పడవ ముక్కుకు కట్టిన తాడు చివర ఆమెకు ఒక ఉచ్చు కనిపించిందట. మనిషి నడుము పట్టేంత ఉచ్చు. నీ అల్లుడు పడవను అందుకున్నాడు, తాడు నడుముకు బిగించుకున్నాడు, పాయ మెలిక తిరిగిన చోట వచ్చే పోటుకు ఎదురుగా, నేరుగా మన మెట్లవైపు లాగాడు. నీళ్ళు పాయ వెంట ఒక వైపు పోతుంటే తను ఇంకో వైపు లాగాడు. చివరికి ఉచ్చు వదులు చేసుకుని బయటపడ్డాడు. కానీ అప్పటికే ఒంట్లో సత్తువంతా ఆ తాడుకే పోయింది. నేను చూడకూడదని, గొడ్డలితో నేను వచ్చేలోగా ఆమె ఆ ముడి విప్పేసింది. అందుకు పడవలోకి దిగింది నాన్నా. నీళ్ళు తోడడానికి కాదు.

"పడవ వదిలేసి దానితో పాటు నడిచి ఉంటే ఇంటికొచ్చేవాడు. పడవ కూడా వచ్చేది" అంది. "నా కొడుకు మంచోడు. మొండోడు. నీళ్ళ తప్పు కాదు, వాడి తప్పని కూడా నాకు అనాలని లేదు. నీకు పడవంటే ముచ్చటని నీ కోసం రంగేశాడు కదా, వదలలేకపోయాడు."

అప్పుడు ఏడ్చింది. మెట్ల మీద తల ఆన్చి, గొంతెత్తి ఏడ్చింది. నేను ఆ వీపు నిమురుతూ కూర్చున్నాను. మా కాళ్ళ కింద నీళ్ళు వచ్చి నిండిపోయాయి.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాక, సభ సంగతి దాచలేకపోయాను. చెప్పేశాను. ఆమెకు ముందే తెలుసట. డ్రైవరు గొంతు పెరడు దాకా వినిపించిందట.

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"నీ నోరు, నీ మొగుడు. నేనెవరిని? మాటిచ్చావుగా, వెళ్ళు. కాకపోతే చూసింది చెప్పు. చూడనిది చెప్పకు."

నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు నాన్నా. లేకపోతే ఏమీ చెప్పకు.

నీ పిచ్చిక

*

నాన్నా,

అత్త పోయింది. ఆ మంచు రోజు పట్టిన జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. డాక్టరు వచ్చాడు, మందులిచ్చాడు, ఆమె వయసు చూసి తల కిందికి వంచుకున్నాడు. మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుంది. చూపు ఆనడం లేదని నన్నే అడిగేది, "ఎంతవరకు వచ్చాయి?" అని. రాయి దాకా వచ్చాయి అత్తా. పాయ నిండింది అత్తా. వెనక్కి తీస్తున్నాయి అత్తా. ఏం చెప్పినా "ఊఁ" అనేది, వచ్చిన చుట్టం పేరు విన్నట్టు. నీళ్ళు వెనక్కి తీస్తున్నప్పుడే పోయిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. నేను గంజి వేడి చేయడానికి వెనక గదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి లేదు. అంతే.

నీకు కబురు అందేసరికి అన్నీ అయిపోతాయని తెలుసు. రాలేదని బాధపడకు.

సభ మొన్న జరిగింది. బడి హాల్లో పిల్లల బెంచీల మీద పెద్దవాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఇంజనీరు గారు నిజంగా మర్యాదస్తుడు నాన్నా. నాకు మంచినీళ్ళ గ్లాసు తనే తెచ్చి ఇచ్చారు, ఇష్టం లేకపోతే మాట్లాడనక్కర్లేదమ్మా అన్నారు. ఆయన చూపించిన బొమ్మలో కట్ట వెనక అంతా పచ్చగా, పొడిగా, ఇళ్ళు. ఎవరూ మునగరు. ఆ బొమ్మ అబద్ధం అని నేను అనను. ఇదే నీళ్ళలో తమ్ముడిని పోగొట్టుకున్న చేపల దుకాణం ఆవిడ లేచి కట్ట కావాలంది. ఆమె బాధ నాకు తెలుసు, ఆమెను కూడా తప్పు పట్టను.

నా పేరు పిలిచారు. నిలబడ్డాను. నోట్లో నానిన ఆ మాటలు ఒక్కటీ రాలేదు. నేను చూసింది, అత్త ఆ తాడులో చూసింది చెప్పాను. నా మొగుడు పడవను లాగాడు, నీళ్ళకు ఎదురు లాగాడు. నీళ్ళు రోజూ వచ్చే వేళకే వచ్చాయి, రోజూ వెళ్ళే దారినే వెళ్ళాయి. ఆ దారి పట్టుకునే నేనూ మా అత్తా ప్రాణాలతో ఇల్లు చేరాం. ఆ బురదలో చిటికెన వేలి గోరంత ప్రాణాలు లెక్కలేనన్ని ఉన్నాయి, వాటిలో కొన్నింటిని నేను చేజేతులా చంపాను. కట్ట వేస్తే మిగిలినవన్నీ పోతాయి. నా మొగుడి పేరు చెప్పి మాత్రం ఆ పని చెయ్యకండి. ఇంకే కారణమైనా చెప్పుకోండి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఎవరో "ముసలిది పోతూ పోతూ దీనికి మందు పెట్టి పోయింది" అన్నారు. కొందరు నవ్వారు. చేతులెత్తమంటే చాలా చేతులు లేచాయి. కట్ట వస్తుంది నాన్నా. నేను మాట్లాడినా వస్తుంది.

నీ ముఖం మీద మచ్చ తెచ్చానని తెలుసు. కూతురి చేత చెప్పిస్తానని నువ్వు వాళ్ళకు మాటిచ్చావు. క్యాంటీన్ పని వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమను. నేను రాను. నీళ్ళు మూసేదాకా ఇక్కడే ఉంటాను, పెద్దవి ఏరుకుంటాను, చిన్నవి వదిలేస్తాను. మూసేవాళ్ళు వస్తున్నారని తెలిసీ వదలడం ఎందుకో నాకూ సరిగ్గా తెలీదు. చెయ్యి వాటి మీదికి పోవడం లేదు.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

పిచ్చిక

*

పిచ్చికా,

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదని నీకు తెలుసు. రాయి మీద గీత గీయమంటే గీస్తాను, కాగితం మీద చెయ్యి తిరగదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

వియ్యపురాలు పోయిందని తెలిసి ఆ పూట పని ఆపాను. ఆమెను నేను రెండుసార్లే చూశాను. పెళ్ళిలో నాతో, "మీ అమ్మాయికి నీళ్ళంటే భయమట కదా, మంచిదే, భయం ఉన్నవాళ్ళకు నేర్పడం తేలిక" అంది. నాకు అప్పుడు ఆ మాట నచ్చలేదు.

నా ముఖం మీద ఏ మచ్చా లేదు. ఎవరైనా ఏమన్నా అంటారేమోనని చూశాను, ఎవరూ అనలేదు. ఇంజనీరు గారు మాత్రం పిలిచి, "మీ అమ్మాయి బాగా మాట్లాడింది మేస్త్రీ" అని, పనిలోకి వెళ్ళమన్నారు. కట్టలో నీళ్ళు ఆడడానికి పెద్ద తూములు పెట్టించగలరా అని అడిగాను. పైవాళ్ళకు రాస్తానన్నారు. అవుతుందని నేను నీకు చెప్పను. పైవాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు తెలుసు.

పని మానేశానని రాస్తానని ఎదురుచూస్తున్నావేమో. మానలేదు. నేను మానేస్తే ఇంకో మేస్త్రీ వస్తాడు, రాళ్ళు మాత్రం ఆగవు. ఇది నీకు నచ్చదు. నాకూ నచ్చడం లేదు. నువ్వు రాసిన ఆ పిల్లగుల్లల సంగతి చదివిన దగ్గర నుంచి, రాయి దింపుతుంటే దాని కింద ఏముందో అని చూస్తున్నాను. కూలీలు నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.

ఇన్నేళ్ళుగా నీళ్ళను ఆపే పనే చేశాను గానీ, పిచ్చికా, ఆపిన ఏ నీళ్ళ దగ్గరా ఒక్క పూట నిలబడి చూడలేదు. ఎక్కడ లోతు, ఎక్కడ గట్టి నేల అని కాగితంలో చూసుకున్నాను, రాయి వేయించాను, లారీ ఎక్కాను. వచ్చే నెల నుంచి నీ మెట్ల వైపు పని మొదలు. ఆ బురదను మూసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మూసే ముందు ఒకసారి దాని మీద నడవాలని ఉంది. బురదలో నడవడం నాకు రాదు. కాళ్ళు కూడా మునుపటిలా లేవు.

సెలవు అడిగాను, ఇచ్చారు. ఏ రోజు, ఏ వేళకు రావాలో మాత్రం నాకు తెలీదు. నీళ్ళు ఎప్పుడు వెనక్కి తీస్తాయో చూసి రాయి. ఆ వేళకే వస్తాను.

మీ నాన్న